మిల్లు ఊరి ఫుట్‌బాల్: డార్వెన్ క్లబ్బు ఎందుకు నిలవలేదు

1931 సెప్టెంబరు 26న తీసిన ఒక ఫోటో మనలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో శాలువా కప్పుకున్న గాంధీ, చుట్టూ బట్టల మిల్లులో పనిచేసే ఆడవాళ్లు. చేతులు పైకెత్తి కేరింతలు కొడుతున్నారు. విదేశీ బట్టను వదిలేయమని ఊరూరా చెప్పిన మనిషిని, ఆ బట్ట నేసి బతికేవాళ్లే అంత ఆప్యాయంగా చుట్టుముట్టడం చూస్తే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ ఫోటో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో, డార్వెన్ అనే చిన్న పట్టణంలో, గ్రీన్‌ఫీల్డ్ మిల్లు దగ్గర తీసింది.

సరిగ్గా 15 వారాల తరువాత, 1932 జనవరి 9న, అదే ఊరి ఫుట్‌బాల్ జట్టు లండన్ వెళ్లింది. అప్పటికి అయిదు రోజుల ముందే గాంధీని బొంబాయిలో అరెస్టు చేసి యెరవాడ జైలుకు పంపారు. లండన్‌లో డార్వెన్ కుర్రాళ్ల ఎదుట నిలిచింది అంతకు ముందు సీజనులో ఇంగ్లండ్ లీగ్ గెలిచిన ఆర్సెనల్. ఫలితం 11–1. ఫుట్‌బాల్ చరిత్ర చదివేవాళ్లకు డార్వెన్ పేరు ఎదురయ్యేది ఎక్కువగా ఇలాంటి అంకెల పక్కనే. ఘోర పరాజయాల జాబితా ఏది తిరగేసినా ఈ ఊరి పేరు కనిపిస్తుంది.

ఆ జాబితాలు చూసి డార్వెన్‌ను అంచనా వేస్తే పెద్ద పొరపాటు చేసినట్టే. ఈ రోజు ప్రపంచమంతా చూసే ఫుట్‌బాల్, అంటే జీతం తీసుకునే ఆటగాళ్లు, టిక్కెట్టు కొని వచ్చే జనం, ఊరి పేరు మోసే జట్టు, ఇవన్నీ రూపు దిద్దుకున్న చోట్లలో డార్వెన్ ముందు వరుసలో ఉంది. అలాంటి క్లబ్బు 2009లో కోర్టు ఉత్తర్వుతో మూతపడింది. ఆటకు దారి వేసిన ఊరికే ఆ దారిలో చోటు లేకుండా ఎలా పోయిందన్నది విప్పి చూడవలసిన చిక్కుముడి.

ముందు ఊరి సంగతి. డార్వెన్ ఒక ఇరుకు లోయలో ఉంటుంది. చుట్టూ గాలి కొట్టే బంజరు గుట్టలు, లోయ పొడవునా మిల్లులు, వాటి పక్కనే కార్మికుల రాతి ఇళ్ల వరుసలు. వాటన్నిటి మీద ఎత్తుగా 300 అడుగుల పొగగొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. వెనిస్ నగరంలోని గంటస్తంభాన్ని పోలి ఉండేలా, ఎర్ర ఇటుకతో 1867 నాటికి కట్టి ముగించారు. ఆ మిల్లు పేరు ఇండియా మిల్లు. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. డార్వెన్, దాని పక్కనున్న బ్లాక్‌బర్న్ మగ్గాల మీద నేసిన గుడ్డలో పెద్ద వాటా మన దేశానికే వచ్చేది. పంచెలు, ధోవతులు ప్రత్యేకంగా మన కొలతలకే నేసేవారు. మద్రాసు రేవులో దిగి కోస్తా ఊళ్ల సంతల దాకా చేరిన చవక సీమ గుడ్డ వెనుక ఉన్నవి ఇలాంటి ఊళ్లే. ఆ గుడ్డ ధర ముందు మన సాలెవాళ్ల మగ్గాలు ఎలా మూలపడ్డాయో, పొందూరు ఖద్దరు ఎందుకు ఒక పట్టుదలకు గుర్తుగా మారిందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

మిల్లుకూ ఫుట్‌బాల్‌కూ సంబంధం శనివారం మధ్యాహ్నంలో ఉంది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఫ్యాక్టరీ చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లను, పిల్లలను శనివారం రెండు గంటల తరువాత పనిలో ఉంచకూడదు. వాళ్లు లేకపోతే మగ్గాలు నడవవు కాబట్టి మిల్లు మొత్తం ఆగిపోయేది. ఇంగ్లండ్‌లో మిగతా వృత్తుల వాళ్లకు ఇంకా దొరకని తీరిక ఆ విధంగా లాంకషైర్ నేతగాళ్లకు ముందుగా దొరికింది. చేతిలో సగం రోజు, జేబులో ఆ వారం కూలి. ఆడటానికైనా, చూడటానికైనా ఆ రెండూ ఉండాలి. ఇంగ్లండ్‌లో చాలా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఈనాటికీ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలవడం ఆ మిల్లు గంట మిగిల్చిన అలవాటే.

ఆట మాత్రం పైనుంచి దిగింది. లండన్ దగ్గరి హారో అనే ధనికుల బడిలో చదువుకుని వచ్చిన మిల్లు యజమాని వాల్ష్ కొడుకులు దాన్ని డార్వెన్‌కు తెచ్చారు. 1870లో క్లబ్బు ఏర్పడింది. బార్లీ బ్యాంక్ అనే మైదానంలో ఆడేవారు. కొద్ది ఏళ్లలోనే మిల్లు కార్మికులు ఆటను అందిపుచ్చుకున్నారు. 1878 సెప్టెంబరులో లాంకషైర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పాటైన సమావేశం కూడా డార్వెన్‌లోనే జరిగింది. ఒక పెద్ద జిల్లాలో ఆట పెత్తనమంతా నిర్ణయించే సభకు ఈ చిన్న ఊరు వేదికైందంటే అప్పట్లో దాని స్థాయి ఏమిటో ఊహించుకోవచ్చు.

అదే యేడు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి ఇద్దరు యువకులు డార్వెన్ వచ్చారు. ఒకరు జిమ్మీ లవ్, ఇంకొకరు ఫెర్గస్ సూటర్. గ్లాస్గోలోని పార్టిక్ క్లబ్బుకు ఆడినవాళ్లు. ఆ క్లబ్బు అంతకు ముందే డార్వెన్ వచ్చి మ్యాచ్‌లు ఆడి ఉండటంతో పరిచయం ఉంది. సూటర్ వృత్తి రాతిపని. డార్వెన్‌లో కొద్ది రోజులు ఉలి పట్టి, ఇక్కడి రాయి మరీ గట్టిగా ఉంది, నా చేతులకు పడటం లేదని మానేశాడు. మానేసినా ఊళ్లో దర్జాగానే బతికాడు. మరి డబ్బు ఎక్కడిది?

ఆట చరిత్రలో ఇది ఎంతో చర్చ జరిగిన ప్రశ్న. సూటర్‌ను మొట్టమొదటి జీతగాడైన ఆటగాడు అని చాలాచోట్ల రాస్తారు. ఆ మాట సగమే నిజం. ఆయనకు నెలకింత అని ఖరారైన జీతం లేదు, రాసుకున్న ఒప్పందం లేదు. చాలా ఏళ్ల తరువాత, 1902లో, ఆ సంగతిని ఆయనే దాచకుండా చెప్పాడు. స్థిరమైన వేతనం లేకపోయినా, అవసరం వచ్చినప్పుడు కోశాధికారిని కలుసుకునేవాళ్లమని, ఒకోసారి మూడు వారాలు ఏమీ తీసుకోకుండా ఉండి తరువాత ఒకేసారి 10 పౌండ్లు అడిగేవాళ్లమని, ఎప్పుడూ ఇబ్బంది రాలేదని ఆయన మాటల సారాంశం. వారమంతా మగ్గం ముందు నిలబడినవాడికి ఒక పౌండు అటూ ఇటూగా దక్కే రోజులవి. పేరు ఏది పెట్టినా అది ఆటకు కూలే.

ఇది తప్పా? ఇప్పటి పాఠకులు నియమం ఉల్లంఘించాడని తొందరపడి తీర్పు చెప్పేస్తారు. నిజానికి 1878లో డబ్బు తీసుకోకూడదని రాసిపెట్టిన నియమమే లేదు. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేసిన పెద్దమనుషులకు అలాంటి నియమం అవసరమవుతుందన్న ఆలోచన కూడా రాలేదు. ఆట అంటే తీరిక ఉన్నవాళ్ల వ్యాపకం, డబ్బు కోసం ఆడటం మర్యాద కాదు అన్నది వాళ్లలో వాళ్లకు చెప్పకుండానే తెలిసిన కట్టుబాటు. ఆ కట్టుబాటు 1882లో గాని కాగితం మీదికి ఎక్కలేదు. ఆటగాడికి అయిన ఖర్చులు, ఆట వల్ల నిజంగా పోగొట్టుకున్న కూలి తప్ప ఇంకేమీ ఇవ్వకూడదని, తీసుకున్నవాణ్ని ఆడనివ్వకూడదని ఆ నియమం. అంటే నియమం పుట్టింది సూటర్ లాంటివాళ్లు వచ్చాకే.

పోగొట్టుకున్న కూలి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తగువంతా అక్కడే ఉంది. నేతగాడికి నేసిన గజాన్ని బట్టి కూలి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. శనివారం మధ్యాహ్నం ఊళ్లో ఆడితే నష్టమేమీ లేదు. లండన్ వెళ్లి ఆడాలంటే రెండు రోజుల కూలి, రైలు ఛార్జీ, తిండి, బస అన్నీ నెత్తిన పడతాయి. ఎస్టేటు అద్దెల మీద బతికేవాడికి ఈ లెక్క ఏదీ ఉండదు. డబ్బు తీసుకోకపోవడం సుగుణం అని చెప్పేవాళ్లు, ఆ సుగుణాన్ని కొనుక్కోగల స్తోమత తమకు మాత్రమే ఉందని గుర్తించలేదు. ఈ విషయంలో నేను పూర్తిగా డార్వెన్ పక్షమే.

ఆ లెక్క ఎంత క్రూరమైనదో 1879లో ఊరంతటికీ తెలిసొచ్చింది. అప్పటికి ఇంగ్లండ్‌లో లీగ్ లేదు. ఉన్న ఒకే ఒక పెద్ద పోటీ 1871లో మొదలైన ఎఫ్ఏ కప్పు, అంటే ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపే కప్పు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు తరువాతి రౌండుకు. మొదటి నుంచీ ఆ కప్పు గెలిచినవన్నీ దక్షిణాది జట్లే. సైనికాధికారులు, పెద్ద బడుల పూర్వ విద్యార్థులు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు. ఆ యేడు డార్వెన్ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చింది. ఎదుటి జట్టు ఓల్డ్ ఇటోనియన్స్, అంటే ఈటన్ బడి పూర్వ విద్యార్థులు. చివరి రౌండ్లన్నీ లండన్‌లోని ఓవల్ మైదానంలోనే ఆడాలని నిబంధన. 1971లో వాడేకర్ జట్టు ఇంగ్లండ్ గడ్డ మీద భారత్‌కు తొలి టెస్టు విజయం తెచ్చిన ఓవల్ ఇదే.

1879 ఫిబ్రవరి 13, గురువారం. పని రోజు. మిల్లులో సెలవు పెట్టి, దాదాపు 200 మైళ్లు రైల్లో వచ్చిన జట్టు మైదానంలోకి దిగింది. ఈటన్ వాళ్లు ఒడ్డూ పొడవూ ఉన్న మనుషులు, చిన్నప్పటి నుంచీ మాంసం, పాలు, వెన్న ఎరిగిన శరీరాలు. పదేళ్లు దాటకముందే మిల్లు నూగు పీలుస్తూ పెరిగిన నేతగాళ్లు వాళ్ల ముందు చిన్నగా కనిపించి ఉంటారు. ఆట చాలాసేపు అలాగే నడిచింది. పావుగంట మిగిలి ఉండగా 5–1తో ఈటన్ వాళ్లు ముందున్నారు. అక్కడి నుంచి డార్వెన్ వరుసగా నాలుగు గోల్‌లు కొట్టింది. 5–5.

ఆ పావుగంటలో జరిగినది అదృష్టం కాదని నా నమ్మకం. ఆ రోజుల్లో పెద్ద బడుల జట్లు బంతి దొరికినవాడు ఒంటరిగా దూసుకుపోయే పద్ధతిలో ఆడేవి. మిగతావాళ్లు వెనకాలే పరుగెత్తుతూ, వాడి కాలు జారితే బంతి అందుకునేవారు. బంతిని ఒకరికొకరు అందిస్తూ, ఖాళీ చోటుకు జరుగుతూ ముందుకు పోవడం స్కాట్లండ్ వాళ్లు పదును పెట్టిన పద్ధతి. సూటర్, లవ్ డార్వెన్‌కు తెచ్చింది ఆ విద్యనే. ఒళ్లు బరువు లేనివాడికి బంతిని వదిలిపెట్టడం తెలిసి ఉండాలి. ఈటన్ వాళ్లు అలసిపోయే వేళకు ఆ తేడా బయటపడింది.

సమానమైంది కాబట్టి అదనపు సమయం ఆడదామని డార్వెన్ అడిగింది. అక్కడే తేలిపోతే మళ్లీ లండన్ రానక్కర్లేదు. ఓల్డ్ ఇటోనియన్స్ ఒప్పుకోలేదు. తిరిగి ఆడవలసి వచ్చింది, మళ్లీ ఓవల్‌లోనే. ఊరు చందాలు వేసుకుంది. మిల్లుల్లో, వీధుల్లో పోగు చేసిన చిల్లరతో జట్టు మార్చి 8న రెండోసారి వెళ్లి 2–2తో వచ్చింది. మార్చి 15న మూడోసారి వెళ్లి 6–2తో ఓడింది. అంతకు ముందు రౌండుతో కలిపితే ఆ శీతకాలం నాలుగు లండన్ ప్రయాణాలు. ఈటన్ జట్టు ఆ యేడు కప్పు గెలిచింది. వాళ్లలో ఉన్న లార్డ్ కినైర్డ్ తన జీవితంలో తొమ్మిది ఫైనళ్లు ఆడిన మనిషి, ఆటకు నిజంగా మేలు చేసినవాడే. ఆ వ్యక్తుల మీద నాకు కోపమేమీ లేదు. ఒక జట్టు అద్దె బండిలో మైదానానికి వస్తే, ఇంకో జట్టు ఊరి చందాతో రెండు పగళ్ల కూలి వదులుకుని వచ్చే పోటీని సమానుల పోటీ అనడమే మింగుడు పడదు.

ఓటమి అయితేనేం, ఉత్తరాదికి ఒక విషయం అర్థమైంది. వాళ్లను ఓడించవచ్చు. దానికి మంచి ఆటగాళ్లు కావాలి, ఆటగాళ్లకు డబ్బు కావాలి, డబ్బుకు జనం కావాలి. మరుసటి యేడు, 1880లో, మొట్టమొదటి లాంకషైర్ కప్పు ఫైనల్‌లో డార్వెన్ 3–0తో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను ఓడించింది. క్లబ్బు జీవితంలో ఇదే మధ్యాహ్న సూర్యుడని నా లెక్క.

ఆ వేసవిలోనే సూటర్ డార్వెన్ వదిలి బ్లాక్‌బర్న్ రోవర్స్‌లో చేరాడు.

రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు ఆరు కిలోమీటర్లు. జనాభాలో దూరం మాత్రం చాలా ఎక్కువ. 1891 జనాభా లెక్కల్లో డార్వెన్‌లో సుమారు 34 వేల మంది ఉంటే, బ్లాక్‌బర్న్‌లో లక్షా 20 వేల మంది. అంటే శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర డబ్బిచ్చే చేతులు అక్కడ మూడు రెట్లు ఎక్కువ. కోశాధికారిని అడిగితే డబ్బు వస్తుందన్న పద్ధతి ఒకసారి మొదలయ్యాక, ఎక్కువ ఇవ్వగల కోశాధికారి దగ్గరికి ఆటగాడు నడిచి వెళ్లకుండా ఆపేదేముంది? డార్వెన్ తవ్విన కాలువ అదే. నీళ్లు మాత్రం పక్క ఊరి చేనుకు పారాయి.

ఊరు దాన్ని తేలికగా తీసుకోలేదు. 1880 నవంబరులో రెండు జట్లు తలపడినప్పుడు సూటర్‌కూ డార్వెన్ ఆటగాడు మార్షల్‌కూ మధ్య ఘర్షణ మొదలై, జనం మైదానంలోకి దూకి, మ్యాచ్ మధ్యలోనే ఆగిపోయింది. పదేళ్లయినా ఆ మంట చల్లారలేదు. 1890 క్రిస్మస్ రోజున డార్వెన్‌తో ఆటకు రోవర్స్ తమ అసలు ఆటగాళ్లలో చాలామందిని పక్కన పెట్టి నాసి జట్టును దింపింది. అవమానంగా భావించిన డార్వెన్ తమ రెండో జట్టును దింపింది. డబ్బిచ్చి వచ్చిన జనం ఊరుకోలేదు, మైదానాన్ని చిందరవందర చేశారు.

ఇక్కడ ఒక గందరగోళం విప్పాలి. 2020లో వచ్చిన ఒక ఇంగ్లిష్ ధారావాహిక ఈ కథను ప్రపంచానికి చెప్పింది, చాలామంది డార్వెన్ పేరు విన్నది దానివల్లే. అందులో నాటకీయత కోసం బ్లాక్‌బర్న్ క్లబ్బులను రెండింటినీ ఒకటి చేశారు. వాస్తవంలో మూడు వేర్వేరు క్లబ్బులున్నాయి. కార్మికుల జట్టుగా లండన్ పెద్దలను మొదట వణికించింది డార్వెన్, 1879లో. కార్మికుల జట్టుగా కప్పును మొదట ఉత్తరాదికి తెచ్చింది బ్లాక్‌బర్న్ ఒలింపిక్. 1883 ఫైనల్‌లో వాళ్లు ఓడించింది కూడా ఓల్డ్ ఇటోనియన్స్‌నే, అదనపు సమయంలో 2–1తో. సూటర్ చేరిన బ్లాక్‌బర్న్ రోవర్స్ ఆ తరువాత 1884, 1885, 1886 సంవత్సరాల్లో వరుసగా కప్పు గెలిచింది. మూడింటిలో ఈనాటికీ నిలిచింది రోవర్స్ ఒక్కటే. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచింది ఆ క్లబ్బే. కప్పు గెలిచిన ఆరేళ్లకే, 1889లో, ఒలింపిక్ మూతపడింది. ఒక ఊళ్లో రెండు పెద్ద క్లబ్బులకు సరిపడా గేటు డబ్బు లేకపోయింది.

డార్వెన్ వెంటనే కుంగిపోలేదు. 1881లో రామ్‌ఫర్డ్ జట్టును 15–0తో చిత్తు చేసి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ మళ్లీ ఒక పెద్ద బడి జట్టే, ఓల్డ్ కార్తూజియన్స్, 4–1తో అడ్డుకుంది. ఆ లోపు జీతాల రగడ ముదిరింది. డబ్బిచ్చారని కొన్ని క్లబ్బులను బహిష్కరించారు. ప్రెస్టన్ క్లబ్బు పెద్ద విలియం సడెల్ 1884లో దాపరికం లేకుండా ఒప్పుకుని, అందరూ ఇస్తున్నదే మేమూ ఇస్తున్నామన్నాడు. ఉత్తరాది క్లబ్బులు వేరే సంఘం పెట్టుకుంటామని బెదిరించాయి. చివరికి 1885 జులైలో ఫుట్‌బాల్ అసోసియేషన్ దిగివచ్చి జీతాలను అనుమతించింది. కప్పు ఆడాలంటే జీతగాడు ఆ మైదానానికి ఆరు మైళ్ల లోపు పుట్టి ఉండాలి, లేదా రెండేళ్లు నివసించి ఉండాలి అన్న షరతు మాత్రం పెట్టింది. ఏడేళ్ల కిందట డార్వెన్‌లో గుట్టుగా జరిగినదే ఇప్పుడు చట్టమైంది.

జీతాలు చట్టబద్ధం కావడంతో కొత్త సమస్య వచ్చింది. కప్పు పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిపోతే ఆదాయం లేదు, జీతాలు మాత్రం ప్రతి వారం ఇవ్వాలి. ప్రతి శనివారం ఒక నమ్మకమైన మ్యాచ్ ఉండాలి. ఆ అవసరంలోంచి 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది. అందులో ఆరు లాంకషైర్‌వే. రోవర్స్ ఉంది, పక్కనే ఉన్న అక్రింగ్టన్ ఉంది, బర్న్‌లీ ఉంది. డార్వెన్ లేదు.

ఆ లీగ్ తొలి రోజుల్లో తీసుకున్న ఒక నిర్ణయం మీద నేను వేలు పెట్టి చూపిస్తాను. గేటు దగ్గర వసూలైన డబ్బు ఇరు జట్లూ సమానంగా పంచుకోవాలన్న ఆలోచన ముందుకు వచ్చింది, నిలవలేదు. ఆతిథ్య జట్టే వసూళ్లు ఉంచుకుంటుంది, వచ్చిన జట్టుకు కనీసం 12 పౌండ్లు ఇస్తే చాలు అని ఖరారైంది. దీని అర్థం ఒక్క క్షణం ఆలోచించండి. పెద్ద నగరం క్లబ్బు తన ఇంట్లో 10 వేల మంది ముందు ఆడి ఆ డబ్బంతా ఉంచుకుంటుంది. చిన్న ఊరి జట్టు అక్కడికి వెళ్లి ఆ పదివేల మందికి వినోదం పంచి 12 పౌండ్లతో రైలెక్కుతుంది. తమ ఊరికి తిరిగొచ్చి మూడు వేల మంది ముందు ఆడుతుంది. ప్రతి యేడూ ఈ తేడా పెరుగుతూనే పోతుంది. పైగా 1890ల నుంచి ఆటగాడి నమోదు క్లబ్బు చేతిలో ఉండి, ఇంకో క్లబ్బుకు పోవాలంటే ధర కట్టే పద్ధతి బలపడింది. డబ్బు ఇరుకున పడ్డ క్లబ్బుకు అమ్ముకోవడానికి మిగిలేది మంచి ఆటగాళ్లే. వాళ్లను అమ్మితే ఓటములు, ఓటములతో జనం తగ్గడం, జనం తగ్గితే మళ్లీ అమ్మకం.

డార్వెన్ 1891లో లీగ్‌లోకి వచ్చింది, క్లబ్బుల సంఖ్య 14కు పెరిగినప్పుడు. మొదటి యేడే అట్టడుగున నిలిచింది. 26 మ్యాచ్‌ల్లో 112 గోల్‌లు సమర్పించుకుంది. 1892 ఏప్రిల్‌లో వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ చేతిలో 12–0తో ఓడింది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో అంతకు మించిన తేడాతో ఎవరూ ఓడలేదు, 1909లో లెస్టర్ జట్టు దానితో సమానంగా ఓడింది. ఆ వేసవిలో రెండో డివిజన్ ఏర్పడితే డార్వెన్ అందులోకి దిగింది.

అయినా వెంటనే లేచింది. రెండో డివిజన్‌లో మూడో స్థానం సాధించి, టెస్ట్ మ్యాచ్‌కు అర్హత పొందింది. క్రికెట్ టెస్టుకూ దీనికీ సంబంధం లేదు. పై డివిజన్‌లో అడుగున ఉన్న జట్టు, కింది డివిజన్‌లో పైన ఉన్న జట్టు ఒకే ఒక మ్యాచ్ ఆడి ఎవరు ఎక్కడ ఉండాలో తేల్చుకునే ఏర్పాటు అది. 1893లో డార్వెన్ 3–2తో నాట్స్ కౌంటీని ఓడించి పైకి వెళ్లింది. మరుసటి యేడు అదే టెస్ట్ మ్యాచ్‌లో 3–1తో స్మాల్ హీత్ చేతిలో ఓడి కిందికి వచ్చింది. స్మాల్ హీత్ అంటే నేటి బర్మింగ్‌హామ్ సిటీ. డార్వెన్ మళ్లీ ఎప్పుడూ అగ్రశ్రేణికి చేరలేదు.

1896 డిసెంబరు 26న డార్వెన్ తన ఊళ్లో వాల్సాల్ జట్టును 12–0తో ఓడించింది. రెండేళ్లు దాటాక, 1899 మార్చిలో, అదే వాల్సాల్ చేతిలో 10–0తో ఓడింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న క్లబ్బు ఎంత వేగంగా కూలుతుందో తెలుస్తుంది. 1898–99 సీజనంతా అలాగే గడిచింది. మాంచెస్టర్ సిటీ 10, లాఫ్‌బరో 10, నేటి మాంచెస్టర్ యునైటెడ్‌కు పూర్వరూపమైన న్యూటన్ హీత్ 9 గోల్‌లు కొట్టాయి. వరుసగా 18 ఓటములు. 34 మ్యాచ్‌ల్లో కొట్టినవి 22 గోల్‌లు, ఇచ్చినవి 141. వరుస ఓటముల్లోనూ, ఒక సీజనులో ఇచ్చిన గోల్‌లలోనూ ఇంగ్లిష్ లీగ్‌లో ఆ రికార్డులు ఇంకా చెక్కుచెదరలేదు. అయినా ప్రతి శనివారం ఆ పదకొండు మంది మైదానంలోకి దిగారు, సీజను మధ్యలో వదిలేయలేదు. ఆ పట్టికను చూసినప్పుడల్లా నాకు ముందుగా తట్టేది అదే.

సీజను ముగిశాక డార్వెన్ లీగ్ నుంచి తప్పుకుంది. బార్లీ బ్యాంక్ వదిలి యాంకర్ మైదానానికి మారి, లాంకషైర్ కాంబినేషన్ అనే ప్రాంతీయ లీగ్‌లో ఆడసాగింది. ఆ దారి పట్టింది డార్వెన్ ఒక్కటే కాదు. లీగ్ స్థాపకుల్లో ఒకటైన అక్రింగ్టన్ అంతకు ముందే, 1893లో, వైదొలిగి కొన్నేళ్లకే అంతరించింది. డార్వెన్‌కు 10 గోల్‌లు కొట్టిన లాఫ్‌బరో మరుసటి సీజనులో తానే 100 గోల్‌లు ఇచ్చి 1900లో మూతపడింది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లండన్ క్లబ్బులు పెరిగేకొద్దీ మిల్లు ఊళ్ల క్లబ్బులు రాలిపోయాయి.

ఊరికి ఇంకో దెబ్బ మగ్గాల వైపు నుంచి తగిలింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్ ఒక యేడాదిలో ఎగుమతి చేసిన నూలు గుడ్డ సుమారు 700 కోట్ల గజాలు, అందులో 300 కోట్ల గజాలు ఒక్క భారత్‌కే. 1931 నాటికి అందులో కొద్ది భాగమే మిగిలింది. దానికి మన బహిష్కరణ ఒక్కటే కారణమని లాంకషైర్‌లో కొందరు అనుకున్నారు, మన దగ్గర కూడా గర్వంగా అలాగే చెప్పుకుంటాం. నిజానికి బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు, జపాన్ గుడ్డ, దిగుమతి సుంకాలు, ప్రపంచమంతటా వచ్చిన ఆర్థిక మాంద్యం అన్నీ కలిసి కొట్టిన దెబ్బ అది. గాంధీ డార్వెన్‌లో ఆగినప్పుడు అక్కడి నిరుద్యోగుల మాట ఓపికగా విన్నాడు. మీకు 30 లక్షల మంది నిరుద్యోగులు ఉన్నారు, మాకు 30 కోట్ల మంది ఏడాదిలో సగం కాలం పని లేకుండా ఉన్నారని వాళ్లకు చెప్పాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు కాబట్టే ఆ ఆడవాళ్లు కేరింతలు కొట్టగలిగారు.

ఇప్పుడు ఆర్సెనల్ మ్యాచ్‌ను మళ్లీ చూడండి. 1931లోనూ 1932లోనూ లాంకషైర్ కాంబినేషన్ విజేత డార్వెనే. మిల్లులు మూతపడుతున్న సమయంలో ఊరి జట్టు తన స్థాయిలో మేటిగా ఉంది. పెద్ద క్లబ్బులు అడుగుపెట్టే మూడో రౌండు దాకా ఎఫ్ఏ కప్పులో తన శక్తితోనే వెళ్లింది. 53 ఏళ్ల కిందట ఓవల్‌కు వెళ్లిన దారిలోనే మళ్లీ లండన్ వెళ్లింది. ఈసారి ఎదుట ఉన్నది బడి పూర్వ విద్యార్థులు కాదు. దేశంలోనే సంపన్నమైన క్లబ్బు, ఎంపిక చేసి కొనుక్కున్న ఆటగాళ్లు. ఆటగాడికి డబ్బిచ్చే పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో ఆ 11–1 చూపించింది. ఆ పద్ధతికి తొలి మెట్టు వేసిన ఊరే దాని బరువు మోసింది.

తరువాతి దశాబ్దాల గురించి చెప్పవలసింది తక్కువ. 1982లో ఏర్పడిన నార్త్ వెస్ట్ కౌంటీస్ లీగ్‌లో చేరింది. చూసేవాళ్లు వందల్లోకి తగ్గారు. శనివారం మధ్యాహ్నం ఊరివాళ్లు ఆరు కిలోమీటర్ల దూరంలోని రోవర్స్ మైదానానికి వెళ్లడం ఎప్పుడో అలవాటైంది. 2009లో అప్పు కట్టలేదన్న కారణంతో హైకోర్టు క్లబ్బును మూసివేయాలని ఉత్తర్వు ఇచ్చింది.

క్లబ్బు చనిపోవడం అంటే ఏమిటన్నది చివరి చిక్కు. చట్టం దృష్టిలో క్లబ్బు ఒక సంస్థ. అప్పిచ్చినవాడు కోర్టుకు వెళితే, అప్పు తీర్చలేదని రుజువైతే, సంస్థను రద్దు చేసి ఉన్న ఆస్తిని అప్పిచ్చినవాళ్లకు పంచుతారు. దాని పేరు మీదున్న లీగ్ స్థానం పోతుంది. మైదానం, రంగులు, ఊరివాళ్ల జ్ఞాపకాలు కోర్టు కాగితాల్లో ఉండవు. వాటిని పట్టుకుని అభిమానులు మళ్లీ కొత్త సంస్థ పెడతారు. ఇంగ్లండ్‌లో ఇది తరచుగా జరుగుతోంది. రెండుసార్లు ఎఫ్ఏ కప్పు గెలిచిన బరీ క్లబ్బును 2019లో లీగ్ నుంచి తొలగించినప్పుడు కూడా అభిమానులు ఇదే పని చేశారు. డార్వెన్‌లో 2009లోనే ఏఎఫ్‌సీ డార్వెన్ అన్న పేరుతో కొత్త క్లబ్బు పెట్టి, కింది స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టారు. ఆడింది పాత యాంకర్ మైదానంలోనే.

సూటర్ ఆట మానేశాక లాంకషైర్‌లోనే స్థిరపడి 1916లో బ్లాక్‌పూల్‌లో కన్నుమూశాడు. సమాధి బ్లాక్‌బర్న్‌లో ఉంది. ఇండియా మిల్లులో మగ్గాల కాలం ఎప్పుడో ముగిసింది, పొగగొట్టం మాత్రం లోయలో ఎటునుంచి చూసినా కనిపిస్తూ నిలబడే ఉంది.